బంతి ఎవరి దగ్గరుంది?

మా అబ్బాయి హైస్కూల్లో నాలుగేళ్ళు ఫుట్‌బాల్ ఆడాడు. ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వాడు బంతి పట్టుకుని పరుగెత్తగా నేను చూడలేదు. ఈ మాట చెప్పినప్పుడల్లా మన స్నేహితుల ఇళ్ళలో నవ్వులు. "మరి అంతసేపూ అక్కడ ఏం చేసేవాడండీ?" అని అడుగుతారు. దానికి సరిగ్గా జవాబు చెప్పాలంటే చిన్న ఊళ్ళ ఫుట్‌బాల్ గురించి కొంచెం చెప్పాలి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదని అమెరికా వచ్చిన మొదటి ఏడే మనందరికీ తెలిసిపోతుంది. ఆ తరవాత ఇంకేమీ తెలుసుకోం. సూపర్ బౌల్ నాడు ఎవరింట్లోనో కలుస్తాం, మిరపకాయ బజ్జీలు అయిపోయేసరికి ఆట కూడా అయిపోతుంది. నేనూ అంతే. గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పుకునేదాన్ని. 2003లో మా ఆయన జె-1 వీసా మినహాయింపు మీద పశ్చిమ కాన్సస్‌లో ఒక చిన్న ఊళ్ళో డాక్టరుగా చేరారు. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళనక్కర్లేదన్నది ఆ ఏర్పాటు. మనవాళ్ళు చాలామంది ఇలాగే మ్యాప్‌లో భూతద్దం పెట్టి వెతుక్కోవలసిన ఊళ్ళకి చేరారు. మూడేళ్ళని వెళ్ళి పదిహేనేళ్ళు ఉండిపోయాం. ఊరి పేరు చెప్పను. ధాన్యం ఎలివేటరూ, నీళ్ళ ట్యాంకూ, ఒక ట్రాఫిక్ లైటూ ఉన్న ఊరు. హైస్కూలు మొత్తం మీద 120 మంది పిల్లలు.

అందులో సగం అబ్బాయిలనుకోండి. ఆ అరవైమందిలో 31 మంది ఫుట్‌బాల్ టీములో ఉండేవారు. ఉన్నవాళ్ళే ఆఫెన్స్ ఆడాలి, వాళ్ళే డిఫెన్స్ ఆడాలి. హాఫ్‌టైంలో మిగతావాళ్ళు నీళ్ళు తాగుతుంటే, ఒక కుర్రాడు భుజాల మీది ప్యాడ్లు తియ్యకుండానే ట్యూబా ఎత్తుకుని బ్యాండులో నిలబడేవాడు. ఈ ట్యూబా కుర్రాడు మళ్ళీ వస్తాడు, గుర్తుపెట్టుకోండి.

2010లో మావాడు తొమ్మిదో తరగతిలోకి వచ్చేసరికి కోచ్ ఇంటికొచ్చాడు. ఆయన హిస్టరీ మాస్టారు కూడా, బస్సు డ్రైవరు కూడా. మావాడు అప్పటికి 140 పౌన్లు, ఊదితే పడిపోయేలా ఉండేవాడు. నేను సంతకం పెట్టనన్నాను. ఆయన వాదించలేదు. మా డైనింగ్ టేబుల్ మీదున్న కరెంటు బిల్లు కవరు తిరగేసి సున్నాలూ ఇంటూలూ గీశాడు. నాకు ఫుట్‌బాల్ అర్థమైంది ఆ కవరు మీదే.

ముందు మూడు ముక్కలు. ఒక్కో పక్క పదకొండుమంది. బంతి ఉన్న టీముకి నాలుగు అవకాశాలు, వాటిలో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళితే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. గీత మీద మధ్యన నిలబడే అయిదుగురికి పాస్ అందుకునే హక్కు లేదు. వాళ్ళ పని అడ్డుకోవడమే. ఆ అయిదుగురిలో నట్టనడిమివాడు సెంటర్, వాడికి అటూ ఇటూ ఉండేవాళ్ళు గార్డులు. మావాణ్ణి గార్డుగా పెడతానన్నాడు కోచ్.

ఇప్పుడు లెక్క చూడండి. డిఫెన్స్‌లో పదకొండుమందీ బంతి మీదికి రావచ్చు. ఆఫెన్స్‌లో బంతి పట్టుకున్నవాడు ఎవర్నీ అడ్డుకోలేడు. బంతి వాడి చేతికిచ్చిన క్వార్టర్‌బ్యాక్ సాధారణంగా ఊరకే చూస్తూ నిలబడతాడు. అంటే అడ్డుకునేవాళ్ళు తొమ్మిదిమంది, ఆపేవాళ్ళు పదకొండుమంది. ఇద్దరు తక్కువ. పెద్ద ఊరి బడిలో 280 పౌన్ల వాళ్ళు నలుగురుంటే ఈ తేడాని బలంతో పూడ్చుకుంటారు. చిన్న ఊళ్ళో ఆ బలం లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన చాలా ఎత్తులు ఈ ఇద్దర్ని ఎక్కణ్ణించి తెచ్చుకోవాలా అన్న బెంగలోంచే పుట్టాయని నా అభిప్రాయం.

ఒక దారి ఆప్షన్. అవతలి పక్క భీముడులాంటివాడు ఉన్నాడనుకోండి. వాణ్ణి అసలు అడ్డుకోరు, వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ వాణ్ణే చూస్తూ పరుగెడతాడు. వాడు తన మీదికి వస్తే బంతి పక్కవాడికి విసురుతాడు, పక్కవాడి మీదికి వెళితే తనే ఉంచుకుంటాడు. భీముడు ఏం చేసినా తప్పే. ఒక్క దెబ్బ తగలకుండా వాడు లెక్కలోంచి పోయాడు. ఇలా ఇద్దర్ని వదిలేస్తే దాన్ని ట్రిపుల్ ఆప్షన్ అంటారు. లెక్క సమానమైపోతుంది. 1960ల మధ్యలో హ్యూస్టన్ యూనివర్సిటీలో బిల్ యోమన్ పెంచిన వీర్, 1968లో టెక్సస్ యూనివర్సిటీలో ఎమొరీ బెల్లార్డ్ తయారుచేసిన విష్‌బోన్ ఈ కుటుంబంవే. బెల్లార్డ్ అంతకు ముందు టెక్సస్‌లోనే హైస్కూలు కోచ్. టెక్సస్ ఆ విష్‌బోన్‌తో వరసగా 30 ఆటలు గెలిచింది.

మా కోచ్‌ది రెండో దారి, వింగ్-టి. 1950 ప్రాంతంలో డేవిడ్ నెల్సన్ అనే ఆయన మెయిన్‌లోనూ, తరవాత డెలావేర్‌లోనూ దీనికి రూపం ఇచ్చాడు. దీని కీలకం రెండు ముక్కల్లో చెప్పొచ్చు: ఎదురుగా కొట్టకు, పక్కనించి కొట్టు. బంతి ఎవరి దగ్గరుందో తెలియనివ్వకు. 150 పౌన్ల వాడు 240 పౌన్ల వాణ్ణి ఎదురుగా నెట్టలేడు. ఎద్దుకి ఎదురు నిలబడి ఎవరు నెట్టగలరు? కానీ ఆ ఎద్దుని ఎవరూ ఆపకుండా ముందుకి రానిచ్చి, అది దారి దొరికిందని ఉరికేటప్పుడు, అవతలి వైపునించి ఒక సన్నటి గార్డు పరుగున వచ్చి డొక్కలో తగిలితే పక్కకి ఒరుగుతుంది. దీన్ని ట్రాప్ అంటారు. అందుకే ఇందులో గార్డుకి లావు కన్నా కాలు ముఖ్యం. "మీవాడు లావు లేడు, కానీ వేగం ఉంది" అన్నాడు కోచ్. కవరు ఇటు తిప్పి, అటు తిప్పి, లెక్క తప్పు పట్టడానికి ప్రయత్నించాను. దొరకలేదు. సంతకం పెట్టాను.

మరుసటి ఏడు మా అత్తగారు తెనాలినించి వచ్చారు. రెండు శాలువాలూ, మంకీ క్యాపూ వేసి శుక్రవారం రాత్రి బల్లల మీద కూర్చోబెట్టాం. వింగ్-టిలో బంతి అందుకోగానే క్వార్టర్‌బ్యాక్ వెనక్కి తిరుగుతాడు. వెనకున్న ముగ్గురూ మూడు దారుల్లో వంగి పరుగెడతారు, ముగ్గురూ పొట్టలో బంతి దాచుకున్నట్టే. తిరునాళ్ళలో మూడు చిప్పల కింద గోళీ దాచి తిప్పేవాళ్ళు ఉంటారే, అచ్చం అలాగే. రెండేళ్ళనించీ చూస్తున్న నేనే సగంసార్లు తప్పు మనిషికి చప్పట్లు కొట్టేదాన్ని. రెండో క్వార్టర్‌లో అత్తగారు నా మోచేతి మీద తట్టి, "అమ్మాయ్, బంతి కోసం వెతక్కు. మనవాడూ, ఆ రెండో గార్డు పిల్లాడూ ఎటు లేచి పరుగెడుతున్నారో చూడు. అది అటే పోతోంది" అన్నారు.

నిజమే! బక్ స్వీప్ అనే ఆటలో ఇద్దరు గార్డులూ గీత వదిలి ఒకే పక్కకి పరుగెత్తి బంతి మనిషికి ముందు దారి తీస్తారు. ఆవిడ మనవణ్ణి తప్ప ఇంకెవర్నీ చూడటం లేదు కాబట్టి గుట్టు ఆవిడకే దొరికింది. ఈ సంగతి కోచ్‌కి చెబితే పకపకా నవ్వి, ఆవిడ్ని డిఫెన్స్ కోచ్‌గా పెట్టుకుంటానన్నాడు. డిఫెన్స్ కుర్రాళ్ళకి నేర్పేది సరిగ్గా అదేనట. ఆ తరవాత అప్పుడప్పుడు గార్డుల చేత కూడా అబద్ధం చెప్పించేవాడు, ఒక గార్డుని అటు పరుగెత్తించి బంతి ఇటు పంపేవాడు. అత్తగారికి అది నచ్చలేదు. "వాడికి అబద్ధాలు నేర్పుతున్నారు" అని మా ఆయనతో గొడవ.

"ఇప్పుడందరూ స్ప్రెడ్ కదా, బంతి విసరడమే కదా" అని మన పిల్లలు అంటారు. అదీ బడుల్లోంచి వచ్చిందే. 1958లో ఓహయోలో మిడిల్‌టౌన్ హైస్కూలు కోచ్ టైగర్ ఎలిసన్ ఓడిపోతున్న టీముని వెడల్పుగా పరిచి చూశాడు, దాన్లోంచి రన్ అండ్ షూట్ వచ్చింది. ఎయిర్ రెయిడ్ తయారుచేసిన హాల్ మమీ 1980లలో టెక్సస్‌లో కాపరస్ కోవ్ హైస్కూలు కోచ్. కానీ దానికి విసిరేవాడు కావాలి. ఏటా ముప్ఫై మంది పుట్టే ఊళ్ళో అలాంటివాడు పదేళ్ళకొకడు. పైగా కాన్సస్ గాలి! నవంబరులో విసిరిన బంతి ఎక్కడ పడుతుందో విసిరినవాడికే తెలియదు.

మాకు అందరూ ఉదాహరణగా చూపించే ఊరు స్మిత్ సెంటర్, రెండువేల జనాభా కూడా లేని ఊరు. రోజర్ బార్టా కోచ్‌గా 2004నించి వరసగా అయిదు రాష్ట్ర టైటిళ్ళు గెలిచింది. 2007లో ఒక ఆటలో మొదటి క్వార్టర్‌లోనే 72 పాయింట్లు చేసింది. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జో డ్రేప్ ఆ ఊళ్ళో మకాం పెట్టి "అవర్ బాయ్స్" అన్న పుస్తకం రాశాడు. వరస విజయాలు 79 దాకా వెళ్ళి 2009 ఫైనల్‌లో సెంట్రాలియా చేతిలో ఆగాయి. మా ఊరు అలాంటిది కాదు. మావాళ్ళు సగం గెలిచేవారు, సగం ఓడేవారు.

2012లో మాత్రం ప్లేఆఫ్‌లోకి వెళ్ళారు. ఆ మొదటి ఆట చివర్లో మా ఫుల్‌బ్యాక్ తలకి తలా తగిలి పడ్డాడు. వెంటనే లేచాడు, నవ్వాడు కూడా. గ్రౌండు పక్కన డాక్టరు మా ఆయనే. ఇది ఎన్నో క్వార్టరని అడిగితే కుర్రాడు రెండోదన్నాడు. నడుస్తున్నది నాలుగోది. కాన్సస్‌లో 2011లో వచ్చిన చట్టం ప్రకారం, తలకి దెబ్బ తగిలిందన్న అనుమానంతో బయటికి తీసినవాడు డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా తిరిగి ఆడకూడదు. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో దారి చూపిస్తే మిగతావన్నీ వెంట నడిచాయి.

ఆ వారంలో మా ఆయన కుర్రాణ్ణి మూడుసార్లు పరీక్ష చేశారు. సైకిల్ తొక్కిస్తే తలనొప్పి తిరిగి వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టలేదు. ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను. కిరాణా కొట్లో నన్ను చూసి మాటలు ఆగిపోయేవి. తొమ్మిదేళ్ళుగా పేరు పెట్టి పిలిచిన పెద్దాయన "గుడ్ మార్నింగ్, మేడమ్" అన్నాడు. డాక్టర్ని మార్చుకుందామన్నా నలభై మైళ్ళ లోపు ఇంకో డాక్టరు లేడు పాపం.

రెండో ఆటకి ఫుల్‌బ్యాక్‌గా దిగింది మన ట్యూబా కుర్రాడు, పదో తరగతి. వింగ్-టిలో ఫుల్‌బ్యాక్‌కి విచిత్రమైన ఉద్యోగం. బంతి లేకపోయినా ఉన్నట్టు దూకి దెబ్బలు తినాలి, వాడు నమ్మించకపోతే మిగతా ఇద్దరూ దొరికిపోతారు. వాడు బాగానే నమ్మించాడు. కోచ్ ట్రాప్‌నే మళ్ళీ మళ్ళీ పిలిచాడు. మావాడు అవతలి పక్కనించి వచ్చి ఒక పెద్దవాణ్ణి పక్కకి ఒరగదియ్యడం, ఆ సందులోంచి ట్యూబా కుర్రాడు దూరడం. అలా రెండు టచ్‌డౌన్లు. మైకులో రెండుసార్లూ ట్యూబా కుర్రాడి పేరే చెప్పారు. గార్డుల పేర్లు మైకులో చెప్పరు. చివరికి ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అసలు ఫుల్‌బ్యాక్ ప్యాడ్లు లేకుండా ఒట్టి జెర్సీ వేసుకుని గ్రౌండు పక్కన నీళ్ళ సీసాలు అందిస్తూ నిలబడ్డాడు.

పదిరోజుల తరవాత ఆ కుర్రాడి తండ్రి మా గుమ్మంలోకొచ్చి తెల్ల కాగితంలో చుట్టిన గొడ్డుమాంసం పొట్లం ఒకటి మా ఆయన చేతిలో పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మేం శాకాహారులమని ఆయనకి తెలియదు. మా ఆయన మారుమాట్లాడకుండా తీసుకున్నారు. పారెయ్యబుద్ధి కాక, ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాక, అది ఏడాది పైగా మా ఫ్రీజర్‌లో ఉండిపోయింది.

2017లో బోస్టన్ యూనివర్సిటీవాళ్ళు దానంగా వచ్చిన ఆటగాళ్ళ మెదళ్ళని పరీక్షించిన ఫలితాలు ప్రకటించారు. ఎన్ఎఫ్ఎల్‌లో ఆడిన 111 మందిలో 110 మందికి సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. హైస్కూలు వరకే ఆడిన 14 మందిలో ముగ్గురికి. ఏదో తేడా ఉందని అనుమానం వచ్చిన కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తారు కాబట్టి దీన్ని ఆడినవాళ్ళందరికీ వర్తించే లెక్కగా చదవకూడదు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ రాత్రి మావాడి ఆటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. 2010లో ఆ అంకెలు నా ముందుంటే కోచ్ కవరు ఎంత బాగా గీసినా సంతకం పెట్టేదాన్ని కాదు.

2018లో ఓవర్‌లాండ్ పార్క్‌కి మారాం. ఇక్కడ బడులు పెద్దవి, గుడి దగ్గర, తెలుగు బడి ఉంది. ఇంత పెద్ద బడిలో మావాణ్ణి టీములో చేర్చుకునేవారు కాదేమో, వాడూ అడిగేవాడు కాదేమో. ఆ పాత ఊళ్ళో పిల్లలు ఇంకా తగ్గారు. పోయిన ఏడాది ఎనిమిదిమంది ఆటకి మారారు. కాన్సస్‌లో చిన్న బడులకి ఇది మామూలే. గ్రౌండు కూడా కుదించి 80 గజాలు చేస్తారు. పక్కనే నెబ్రాస్కాలో హెబ్రన్ అనే ఊళ్ళో 1934లో స్టీఫెన్ ఎప్లర్ అనే మాస్టారు ఆరుగురితోనే ఆడించాడు, పదకొండుమంది దొరకని బడుల కోసం. అంటే ఈ బెంగ కొత్తది కాదు.

వార్త చెప్పడానికి మావాడే ఫోన్ చేశాడు. గొంతులో దిగులుంటుందనుకున్నాను. "ఎనిమిదిమందిలో మామూలుగా ఎవర్ని తీసేస్తారో తెలుసా అమ్మా? ఇద్దరు టాకిల్సుని, వెనకనించి ఒకణ్ణి. గార్డులు ఉంటారు" అన్నాడు.