నడుమ అక్షరాలు ఏమయ్యాయి?

ఒక తాత రావులపాలెంలో బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు వచ్చింది. బోర్డు చదవబోయాడు. ముందు అక్షరం, చివరి అక్షరం కనబడ్డాయి. నడుమ అక్షరాలు లేవు! రాత్రి బడిలో చదువు నేర్చిన మనిషి ఆయన. 'నేర్చింది మరిచిపోయానా?' అని దిగులుపడ్డాడు.

ఇంటికి వచ్చాక మనవరాలు ఎదురుగా నిలబడింది. గౌను రంగు తెలిసింది. ముఖం తెలియలేదు.

"శుక్లం అయ్యుంటుంది నాన్నా. దాళ్వా కోతలయ్యాక చూపిద్దాంలే" అన్నాడు కొడుకు.

"శుక్లం కాకపోతేనో?" అంది మనవరాలు.

మంచి ప్రశ్నే అడిగింది. శుక్లం అంటే కంటి ముందు భాగంలోని అద్దం మసకబారడం. ఆపరేషన్ చేసి కొత్త అద్దం పెడతారు. కానీ కంటి వెనక ఒక పొర ఉంది. దాని పేరు రెటీనా. అది సినిమా హాలులో తెరలాంటిది. మనం చూసే బొమ్మ దానిమీదే పడుతుంది. ఆ తెర నడుమ చిన్న చోటును మాక్యులా అంటారు. చదవాలన్నా, ముఖం గుర్తుపట్టాలన్నా అదే ఆధారం. వయసు మీరాక కొందరికి ఆ చోటు పాడవుతుంది. నొప్పి ఉండదు. పక్క చూపు ఉంటుంది. నడుమ చూపు పోతుంది.

పైకి కన్ను బాగానే కనబడుతుంది. అందుకే లోపల ఫోటో తీస్తారు. ముందు చుక్కల మందు వేస్తారు. కాసేపటికి కంటిపాప పెద్దదవుతుంది. కెమెరా ముందు గడ్డం ఆనించాలి. ఒక్క వెలుగు మెరుస్తుంది, అంతే. కోత లేదు. ఫోటోలో నడుమ పెద్ద పసుపు మచ్చలుంటే జబ్బు మొదలైనట్టు. నెత్తురు కారిన గుర్తులుంటే ముదిరినట్టు. ఓ.సి.టి. అనే మరో యంత్రం రెటీనాను పూతరేకులా పొరలు పొరలుగా చూపిస్తుంది. మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. కాబట్టి తోడు ఒకరు వెళ్లాలి. రాజమండ్రి, కాకినాడ వంటి పట్టణాల కంటి ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు చేస్తారు.

ఈ జబ్బు రెండు రకాలు. ఒకటి ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. రెండోదానిలో రెటీనా కింద కొత్త నాళాలు పుట్టి కారతాయి. కొద్ది వారాల్లోనే చూపు పడిపోవచ్చు. దీనికి కంటిలోకి ఇంజెక్షన్లు ఇస్తారు. త్వరగా మొదలుపెడితే ఉన్న చూపు నిలబడుతుంది. ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రావడం కష్టం.

1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్ల 10,293 మందిని పరీక్షించింది. పశ్చిమ గోదావరి పల్లెలూ అందులో ఉన్నాయి. 40 ఏళ్లు దాటినవారిలో నూటికి ఇంచుమించు ఇద్దరికి ఈ జబ్బు కనబడింది. చుట్టలు బాగా కాల్చేవారిలో మరీ ఎక్కువ.

ఆ మాట విని తాత చెవి మీది చుట్ట తీసి పారేశాడు. కొడుకు కోతల దాకా ఆగలేదు. ఆ వారమే రాజమండ్రి తీసుకెళ్లాడు.

మీరూ చూసుకోండి. కళ్లజోడు ఉంటే పెట్టుకోండి. ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడమీది క్యాలెండర్ గళ్లు చూడండి. తర్వాత రెండో కన్ను మూసి చూడండి. గీతలు వంకరగా కనబడినా, నడుమ మచ్చ కనబడినా ఆగవద్దు. దాళ్వా ఏటా వస్తుంది. పోయిన చూపు రాదు.