మీకు తెలుసా? నెల్లూరు తీరానికి మధ్యధరాతో పాత చుట్టరికం

1780లలో నెల్లూరు దగ్గర ఓ రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుతగిలింది. తవ్వి చూస్తే పాత గుడి ఆనవాళ్లు, వాటి కింద ఒక చిన్న కుండ. ఆ కుండలో రోమన్ బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల ముఖాలతో, దాదాపు 1,900 ఏళ్ల కిందటివి. మధ్యధరా సముద్రపు బంగారం మన మట్టిలోకి చేరిందంటే ఈ తీరం ఎంత వ్యాపారం చూసిందో ఊహించుకోవచ్చు.

నెల్లూరుకు దక్షిణాన ఉన్న దుగరాజపట్నంలో ఆంగ్లేయులు 1626లోనే వర్తక స్థావరం పెట్టారు. అప్పటికి మద్రాసు కోట పుట్టనే లేదు.

ఇప్పుడు ప్రశాంతత కావాలంటే నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడు తీరానికి తెల్లవారుజామునే వెళ్లాలి. మధ్యాహ్నం వెళితే సగం అందం పోయినట్టే. సూర్యుడు నేరుగా నీళ్లలోంచే పైకొస్తాడు, వేటకెళ్లిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరతాయి.

చలికాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుకతో పూడ్చి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతాయి. పొదిగేది ఇసుక వేడే. పిల్ల ఆడదా మగదా అన్నదీ ఆ వేడే తేలుస్తుంది. పిల్లలు వెలుతురును బట్టి సముద్రం వైపు కదులుతాయి కాబట్టి రాత్రిపూట ఒడ్డున టార్చిలైట్లు వేయకండి, ప్లాస్టిక్ కవర్లు వదిలి రాకండి.