స్క్రీన్‌గార్డ్ కింద రంగుల రింగులు... హబుల్‌ని ముంచిన 1.3 మిల్లీమీటర్లు!

కొత్త ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయించాక, స్క్రీన్ ఆఫ్ చేసి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశారా? ఒక్కోసారి ఓ మూలన సన్నటి రంగుల రింగులు కనిపిస్తాయి. షాపతను ‘గాలి పట్టిందన్నా, రెండ్రోజుల్లో పోతుంది’ అనేస్తాడు. వేలితో నొక్కితే అవి పక్కకి జరుగుతాయి, వదిలేస్తే మళ్లీ వచ్చేస్తాయి. మూడొందల ఏళ్ల కిందటే ఇలాంటి రింగుల్ని ఓపిగ్గా కొలిచినాయన న్యూటన్. అందుకే వాటికి ‘న్యూటన్ రింగులు’ అని పేరు.

విషయం ఏంటంటే, వెలుతురు గ్లాస్ అడుగు నుంచి కొంత, కింద ఉన్న స్క్రీన్ నుంచి కొంత వెనక్కి వస్తుంది. ఆ రెండు తరంగాలూ కలిసినప్పుడు శిఖరం మీద శిఖరం పడితే వెలుగు పెరుగుతుంది. శిఖరం, లోయ కలిస్తే రెండూ చెల్లిపోయి నల్లగీత పడుతుంది. మధ్యలో గాలి ఎంత మందాన ఉందన్నదాన్ని బట్టే అదంతా. అంటే, ఆ రింగులు నిజానికి ఓ కొలత!

ఇదే పనిని లేజర్‌తో, పద్ధతిగా చేసే యంత్రమే ఇంటర్‌ఫెరోమీటర్. కాంతిని రెండుగా చీల్చి, ఒకదాన్ని పక్కాగా ఉన్న ఉపరితలం మీదికి, ఇంకోదాన్ని పరీక్షించాల్సిన అద్దం మీదికి పంపి, మళ్లీ కలుపుతారు. గీతలు తిన్నగా వస్తే ఓకే. ఎక్కడన్నా వంకర తిరిగితే అక్కడ గుంటో గుట్టో ఉన్నట్టు. ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఎర్ర లేజర్‌తో ఒక గీత నుంచి పక్క గీతకి తేడా సుమారు 316 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో అలాంటివి 250 దాకా పడతాయి. గీత కొంచెం వంగినా కనిపెట్టేస్తారు కాబట్టి కొలత ఇంకా సూక్ష్మంగా ఉంటుంది.

మరి ఇంత గొప్ప యంత్రం చేతిలో ఉండి కూడా హబుల్ టెలిస్కోప్ అద్దం ఎలా తప్పింది?

దాదాపు 150 కోట్ల డాలర్ల ప్రాజెక్టు అది. 1990 ఏప్రిల్ 24న నింగికెగిరింది. జూన్ నాటికి నాసాకి గుండె జారిపోయింది. చుక్కలా రావాల్సిన నక్షత్రం చుట్టూ వెలుగు పొగమంచులా పరుచుకుంది. ఫోకస్ ఎంత సర్దినా లాభం లేదు. 2.4 మీటర్ల ప్రధాన అద్దం అంచుల దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువగా అరిగి, చదునైపోయిందని తేలింది. వెంట్రుక మందంలో ఇది దాదాపు 40వ వంతు. అంతేనా అనుకోకండి, ఆ అద్దాన్ని అనుకున్న ఆకారానికి 10 నానోమీటర్ల లోపు తేడాతో పాలిష్ చేయాలన్నది లెక్క. ఇక్కడ తేడా 200 రెట్లు మించిపోయింది.

విచిత్రం చూడండి, పాలిష్ మాత్రం అద్భుతంగా చేశారు. కాకపోతే తప్పు ఆకారానికి చేశారు! టైలర్ దగ్గర టేపే తప్పుగా ఉంటే, కుట్టు ఎంత చక్కగా ఉన్నా చొక్కా పట్టదు కదా.

ఇక్కడ టేపు అంటే ‘నల్ కరెక్టర్’. హబుల్ అద్దం గోళంలో ముక్కలా ఉండదు, దాని వంపు వేరు. ఇంటర్‌ఫెరోమీటర్‌కి గోళాకారాన్ని పోల్చడమే తేలిక. అందుకని మధ్యలో రెండు చిన్న అద్దాలు, ఒక లెన్స్ ఉన్న ఈ పరికరాన్ని పెడతారు. అద్దం సరిగ్గా ఉంటేనే గీతలు తిన్నగా వచ్చేలా అది కాంతిని మలుస్తుంది. అందులో లెన్స్ ఉండాల్సిన చోటు నుంచి 1.3 మిల్లీమీటర్లు పక్కకి ఉంది. రెండు క్రెడిట్ కార్డుల మందం కంటే తక్కువే, అంతే.

ఆ దూరాన్ని సరిచూడ్డానికి ఇన్వార్ లోహంతో చేసిన కొలత కడ్డీ వాడారు. కడ్డీ కొస మీద చిన్న రంధ్రం ఉన్న టోపీ లాంటి మూత ఉంది. లేజర్ ఆ రంధ్రం గుండా వెళ్లి కడ్డీ కొసను తాకి వెనక్కి రావాలి. మూత మీద మెరవకుండా పూత వేశారు. ఆ పూత ఓ చోట పెచ్చు ఊడింది. లేజర్ కడ్డీని కాకుండా, మెరుస్తున్న మూతనే తాకి తిరిగొచ్చింది. యంత్రం పక్కాగానే కొలిచింది... తప్పు చోటి నుంచి. లెన్స్‌ని దించాల్సినంత దించడానికి బిగింపులో చోటు చాలలేదు. అప్పుడైనా ఆగి, ఎందుకు చాలట్లేదని అడగాల్సింది. వాషర్లు వేసి సర్దేశారు!

పోనీ, ఇది ఎవరి కంటా పడలేదా? పడింది. అదే నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. లెన్సులతో చేసిన ఇంకో నల్ కరెక్టర్‌తో చూస్తే గీతలు వంకరగా వచ్చాయి. అసలు కరెక్టర్‌నే పరీక్షించే మూడో పరికరంలోనూ తేడా కనిపించింది. ‘అవి అంత కచ్చితమైనవి కావు, మనదే కరెక్ట్’ అనుకుని రెంటినీ పక్కన పెట్టేశారు. 1981లో పాలిష్ అయిపోయింది. టెలిస్కోప్ మొత్తాన్ని కలిపి చేసే పరీక్ష కూడా ఖర్చని చేయలేదు. గడువు, బడ్జెట్ తరుముతున్న రోజులవి. పూత పెచ్చు ఊడటం ప్రమాదం అనుకుందాం, ఇది మాత్రం కాదు.

విచారణ సంఘానికి ఓ అదృష్టం కలిసొచ్చింది. కనెక్టికట్‌లోని డాన్‌బరీలో ఆ నల్ కరెక్టర్‌ని ఎవరూ విప్పలేదు. తొమ్మిదేళ్ల తర్వాత వెళ్లి కొలిస్తే 1.3 మిల్లీమీటర్ల తేడా అలాగే దొరికింది. తప్పు ఎంతో అంకెల్లో తెలిసిపోయింది కాబట్టి, దానికి సరిగ్గా ఎదురు తప్పుతో దిద్దుబాటు అద్దాలు తయారు చేయగలిగారు. పైన తిరుగుతున్న టెలిస్కోప్‌లో పెద్ద అద్దాన్ని మార్చడం ఎలాగూ కుదరదు మరి.

1993 డిసెంబర్‌లో ఎండీవర్ షటిల్‌లో వెళ్లిన వ్యోమగాములు ఐదుసార్లు బయటికొచ్చి, నాణేలంత చిన్న అద్దాలున్న ‘కోస్టార్’ని, దిద్దుబాటు ముందే అమర్చిన కొత్త కెమెరాని బిగించారు. హబుల్‌కి కళ్లజోడు పెట్టినట్టే. మనం వాల్‌పేపర్లుగా పెట్టుకునే హబుల్ ఫొటోల్లో చాలావరకు ఆ తర్వాత వచ్చినవే.

తర్వాత వచ్చిన పరికరాలన్నిటికీ దిద్దుబాటు లోపలే ఉండటంతో, 2009లో కోస్టార్‌ని విప్పి కిందికి తెచ్చారు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సేకరణలో ఉంది. హబుల్ కోసమే కొడాక్ చేసిన స్పేర్ అద్దం కూడా ఆ మ్యూజియానికే చేరింది.