సర్వర్ స్లో అయిందా? పెద్ద ప్లాన్ కొనే ముందు ఈ నంబర్లు చూడండి..

తిరుపతి: శ్రీవారి రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టే రోజు ఎలా ఉంటుందో భక్తులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్కసారిగా అందరూ లాగిన్ అవుతారు, స్క్రీన్‌పై వెయిటింగ్ టైమ్ కనిపిస్తుంది. కొండపైన వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్ల వారీగా వదిలినట్టే.. ఇక్కడ వర్చువల్ క్యూ.

అంత పెద్ద సైట్‌కు టీమ్‌లు ఉంటాయి. మరి తిరుపతి, చిత్తూరులో లాడ్జి బుకింగ్, ట్రావెల్స్, కాలేజీ సైట్లు నడిపేవాళ్ల సంగతేంటి? స్లో అయితే రీస్టార్ట్ కొడతారు, కుదరకపోతే పెద్ద ప్లాన్ కొంటారు. లైన్ ఎక్కడ ఆగిందో తెలియకపోతే ఆ డబ్బు దండగే. తెలుసుకునే టూల్స్ మాత్రం సర్వర్‌లోనే ఫ్రీగా ఉన్నాయి.

లైనక్స్‌లో 'అప్‌టైమ్' అని కొడితే చివర్లో మూడు నంబర్లు వస్తాయి. గత 1, 5, 15 నిమిషాల సగటు లోడ్ అది. 4 కోర్ల సర్వర్‌లో లోడ్ 12 ఉందంటే, నాలుగు కౌంటర్ల దగ్గర 12 మంది ఉన్నట్టు. మొదటి నంబర్ మూడోదానికంటే ఎక్కువుంటే రద్దీ పెరుగుతోందని అర్థం.

అసలు తిరకాసు ఇక్కడే. డిస్క్ కోసం ఆగినవాళ్లనూ లైనక్స్ ఈ లోడ్‌లోనే కలిపేస్తుంది. అప్పుడు కోర్లు పెంచినా లాభం లేదు. పోటు నుంచి లడ్డూలు రాకుండా కౌంటర్లు పెంచితే లైన్ కదులుతుందా?

తేడా తెలియాలంటే 'వీఎంస్టాట్ 1' కొట్టాలి. సెకనుకో లైన్ వస్తుంది. మొదటి లైన్ వదిలేయండి, అది సర్వర్ ఆన్ అయినప్పటి నుంచి సగటు. 'ఆర్' కింద నంబర్ కోర్ల కంటే ఎక్కువగానే ఉంటుంటే సీపీయూ చాలట్లేదు. 'బి', 'డబ్ల్యూఏ' పెరిగితే డిస్క్‌ను అనుమానించాలి. 'ఎస్ఐ', 'ఎస్ఓ' ఆగకుండా కదులుతుంటే ర్యామ్ తక్కువైంది. క్లౌడ్ సర్వర్‌లో 'ఎస్‌టీ' ఎక్కువుంటే మన వంతు సీపీయూ టైమ్ వేరేవాళ్లకు పోతోంది, ప్రొవైడర్‌నే అడగాలి.

ర్యామ్ కోసం 'ఫ్రీ' కమాండ్ ఉంది. అందులో ఫ్రీ కాలమ్ తక్కువుందని కంగారొద్దు, ఖాళీ ర్యామ్‌ను లైనక్స్ క్యాష్‌కు వాడుకుంటుంది. చూడాల్సింది 'అవైలబుల్' కాలమ్.

విండోస్ అయితే టాస్క్ మేనేజర్, రిసోర్స్ మానిటర్ చాలు. రాత్రి వచ్చిన సమస్యను ఉదయం చూడాలంటే మాత్రం పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో లాగ్ పెట్టుకోవాలి. లైనక్స్‌లో ఆ పని క్రాన్‌తో అవుతుంది, నిమిషానికోసారి ఫైల్‌లో రాయిస్తే సరి. మామూలు రోజు నంబర్లు కూడా అందులో ఉండాలి, లేకపోతే రద్దీ రోజు దేంతో పోల్చుతారు?