కడలిని గడుగుటయా? కాలువను గాచుటయా?

పాలమూరు మెట్టనేలపై నివసించు మనకు సముద్రముతో బొత్తేమి యని సోదరీమణులు కొంద రడుగవచ్చును. మక్తల్‌లో బుట్టి మక్తల్‌లోనే తల నెరసిన ముసలమ్మలలో కడలి మొగ మెఱుగనివా రిప్పటికిని గలరు. అయినను మనము పోకున్నను మన యింటి చెత్త సముద్రస్నానమునకు బోవుచునే యున్నది.

మన పట్టణమునకు దక్షిణమున గృష్ణ ప్రవహించుచున్నది. భీమానది వచ్చి యందు గలియు సంగమము మనకు సమీపముననే గలదు. అచ్చటనుండి యా నీరు జూరాల, శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల, బెజవాడ ప్రకాశం బరాజులను దాటి హంసలదీవికడ సముద్రమున బడును. నడుమ వాడపల్లికడ హైదరాబాదు మురుగును మోసికొని మూసీ వచ్చి చేరును. వీధికాలువలో మనము విసరిన పాలిథిను సంచి యొక్కనాటిలో నంతదూరము పోవునని నేననను. కొంత ముండ్లకంపలకు దగులును, కొంత జూరాల యొండ్రులో దిగబడును. వరద వచ్చి గేట్లెత్తిన దినమున గదలగలిగినది కదలిపోవును. అరటియాకువలె నది కుళ్ళి మట్టిలో గలియదు. ఎండకు బెళుసై ముక్కలై, ఆ ముక్కలు మఱింత చిన్నవై, తుదకు కంటికి గానరాని నలుసులై చేపల కడుపులలో జొచ్చును. 2022లో హాలెండు శాస్త్రజ్ఞులు మనుష్యుల రక్తమునందును నట్టి నలుసులను గనుగొనిరి.

ఇప్పుడు ప్రశ్న యేమనగా, సముద్రమున బడినదానిని వెలికి దీయుట మేలా, పడకుండ జేయుట మేలా? రెండును మేలే యని తేలికగా జెప్పి తప్పించుకొనవచ్చును. కాని ధనమును, కాలమును, జనుల యుత్సాహమును మితమైనవి గదా! దేనికి ముందు వ్యయపఱుపవలెనో చూడకుండుట గృహిణికి దగదు.

అగస్త్యుడు సముద్రమును బుడిసిట బట్టెనని పురాణములు చెప్పుచున్నవి. ఈ కాలమున నట్టి సాహసమునకు బూనినవాడు హాలెండు దేశస్థుడగు బోయన్ స్లాట్. 2013లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆతడు ది ఓషన్ క్లీనప్ అను సంస్థను స్థాపించెను. 2018 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో రేవునుండి ఆఱువందల మీటర్ల పొడవుగల తేలుడు కట్టయొకటి పసిఫిక్ మహాసముద్రమునకు బయలుదేరెను. పట్టిన చెత్త మరల జాఱిపోయెను. నాలుగు నెలలైన గాకముందే కట్ట కొన విఱిగెను. ఆ యువకుడు విడువలేదు. 2021 నాటికి మెఱుగుపఱచిన సాధనముతో జెత్తను నిజముగనే పైకి దీసి చూపెను. అతని పట్టుదలను మెచ్చనివా రెవరు? కాని లెక్క యొకటి చూడుడు. ఆ మహాసముద్రమధ్యమున దేలుచున్న చెత్త సుమారు 79,000 టన్నులని 2018లో బ్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. నేలమీదినుండి సముద్రములలో బడునది 2010వ సంవత్సరమునకు 48 లక్షల టన్నులకును 127 లక్షల టన్నులకును నడుమ నుండునని 2015లో శాస్త్రజ్ఞులు గణించిరి. తక్కువ యంకెనే తీసికొన్నను దినమునకు 13,000 టన్నులు! అనగా నా మధ్యసముద్రపు రాశి యంతయు నాఱుదినముల రాబడి మాత్రమే. తూము మూయక తొట్టి తోడిన ట్లున్నది. 2019 మొదలు ఆ సంస్థయే నదులలో జెత్తను బట్టు యంత్రములనుగూడ నిలుపుచున్నది. కడలిని గడుగ బోయినవాడు ఏటియొడ్డునకు రావలసి వచ్చెను. నాకీ సంగతి సభలలోని యుపన్యాసములకంటె నెక్కువ చెప్పుచున్నది.

ఒకమాట మఱువరాదు. ఆ రాశిలో దాదాపు సగము జాలరుల వలలే. అవి మన వంటయిండ్లనుండి పోయినవి గావు. విడిచిన వలలో జిక్కిన తాబేలునకు నివారణోపాయము లిప్పుడు బోధింపలేము. వలను దీయుటయే దానికి ధర్మము.

మన గోవుల విషయమును నట్టిదే. పుట్టపర్తియందలి కరుణా సొసైటీవారు ఆవుల పొట్టలను గోసి, పదుల కిలోల పాలిథినును వెలికి దీసి, 2012లో సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసిరి. కోయవలదని యెవరు చెప్పగలరు? కోయకున్న నా యావు చచ్చును. కోసి కుట్టిన పిమ్మట నది మరల నదే కుప్పకడకు బోవునుగదా యని వారికిని దోచినందుననే న్యాయస్థానమున కెక్కిరి.

2022 ఆగస్టు 26వ తేదీని విశాఖపట్టణపు సముద్రతీరమున వేలకొలది జనులు కూడి యొక్క యుదయమున 76 టన్నుల ప్లాస్టిక్కు నేఱిరని ప్రకటించిరి. ఆనాడే ప్లాస్టిక్కు ఫ్లెక్సీలను నిషేధింతు మని ప్రభుత్వము చెప్పెను. మొదటి వార్తకు ఛాయాచిత్రము లెక్కువ. నాకు మాత్రము రెండవదియే ముఖ్యముగ దోచెను.

మన సంగమమునకు వచ్చు భీమలో పూనానగరపు ములా ముఠా నదులనీరు గలదు. ఆ నగరమున జెత్త నేఱి బ్రతుకు స్త్రీలు 1993లో సంఘముగా నేర్పడి, 2008 మొదలు పురపాలకసంఘపు టొడంబడికతో స్వచ్ఛ్ అను సహకారసంఘము ద్వారా ఇల్లిల్లు దిరిగి తడిచెత్తను బొడిచెత్తను వేఱువేఱుగ దీసికొనుచున్నారు. వారు గుమ్మముకడ పట్టిన దేదియు మన కృష్ణకు రాదు. ఇంతకంటె జౌకయైన సముద్రశుద్ధి యెచ్చట గలదు? ఆ స్త్రీల కెఱుకయైన రహస్య మొకటి మనమును దెలిసికొనదగినది. నీళ్ళసీసా నేఱుదురు, ఏలయన దానికి వెల గలదు. షాంపూ పొట్లము నేఱరు, దానిని గొనువాడు లేడు. అమ్ముడుపోవునది సంచి కెక్కును, అమ్ముడుపోనిది యేటి పాలగును. 2013లో వారు బహిష్టునకు వాడి పాఱవైచిన పట్టీలను మూటగట్టి, తయారుచేసిన కంపెనీల కార్యాలయములకే తిరిగి పంపిరి. చదువరులలో గొందఱు ముక్కు మూసికొందురేమో! ప్రతిదినము వట్టిచేతులతో వానిని వేఱుచేయువారి కా యవకాశమును లేదు.

కావున మూల మనగా మన గుమ్మము మాత్రమే కాదు, పొట్లమును జేయు కార్ఖానాయును మూలమే. గుడ్డసంచి పట్టుకొమ్మని యింటి యాడుదానికి బుద్ధి చెప్పుట యెల్లరకు సులభము. 2022 జూలై 1 మొదలు ప్లాస్టిక్కు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, అలంకారపు థర్మోకోలు మన దేశమున నిషిద్ధములు. ఆ యేటి డిసెంబరు 31 మొదలు 120 మైక్రానులకు దక్కువ మందముగల చేతిసంచులును గూడవు. షాంపూ పొట్ల మా పట్టికలో లేదు. ప్రపంచసభలలోను నిదే వాదము. ప్లాస్టిక్కు తయారీకే హద్దు గావలెనని పెక్కు దేశములును, చెత్త నెత్తివేసిన జాలునని చమురుదేశములును బట్టుబట్టగా, 2024లో బూసానునందును 2025 ఆగస్టులో జెనీవాయందును సభలు పొత్తు కుదురక ముగిసినవి.

మన చేతిలోని దేమి? నారాయణపేట నూలుచీర యొకటి చినిగిన నాలుగు సంచు లగును. ఇది మీకు నేను నేర్పవలసినది గాదు. నాకు వేఱొక చింత గలదు. నీటిలో ఉమియుటగూడ దోషమని స్మృతులు చెప్పుచుండగా, మనము నదీమతల్లికి బసుపుకుంకుమలను పాలిథిను పొట్లముతో సహా సమర్పించుచున్నాము. 2016 ఆగస్టులో వచ్చిన కృష్ణాపుష్కరములు మరల 2028లో రానున్నవి. ఘట్టములకడ దుకాణములను వేలము వేయునప్పుడే, పూజాద్రవ్యములను మోదుగాకు దొన్నెలలోనే యమ్మవలెనని షరతు వ్రాయింపవచ్చును. పంచాయతీలలోను పురపాలకసంఘములలోను సగము స్థానములు స్త్రీలవే. ఆ సభ్యురాండ్ర నిప్పటినుండియే యడుగుడు. పుష్కరములు వానకాలమున వచ్చును. మోదుగాకును వేసవిలోనే కోసి యెండబెట్టవలెను గనుక, దొన్నెలు కుట్టువారికి ఉగాదినాటికే మాట చెప్పియుంచవలెను.