వెండిమీద గులాబులు

మా యత్తగారు కాశీయాత్రనుండి తెచ్చిన కుంకుమభరిణె యొకటి మా యింట నున్నది. అది వెండిది. మూతమీద తెల్లని నేలయందు గులాబివన్నె పువ్వులును, వాని నడుమ పచ్చని రెమ్మలును గలవు. పేరంటమునకు వచ్చినవారు బొట్టు పెట్టించుకొని వెంటనే కదలక, ఆ భరిణెను చేతికి తీసికొని త్రిప్పిచూచుట మాయింట వాడుకయైనది. ఒకనాడు దాని మూతకీలు ఊడినది. నేను తొందరపడి దగ్గరనున్న కంసాలియొద్దకు పంపితిని. అతడు కీలును చక్కగనే యతికెను గాని, ఊదుగొట్టపు మంట సోకినచోట మూడుపువ్వులు పగిలి పెళ్ళలుగ రాలిపోయెను. అతని తప్పు లేదు. నేను చెప్పలేదు, నాకును తెలియదు. ఆ పువ్వులను మరల వేయింపవలెనని విచారించునప్పుడే, అవి పూసిన రంగులు కావనియు, కరగించిన గాజనియు మొదటిసారి గ్రహించితిని. మన సోదరీమణుల పెట్టెలలోను ఇట్టివి యుండవచ్చును గనుక తెలిసినంత వ్రాయుచున్నాను.

ఈ పనికి మీనాకారీ యని పేరు. మీనా యనునది పారసీకపదము. మన మీనమునకును దీనికిని సంబంధము లేదు. గాజులో కోబాల్టు చేర్చిన నీలమును, రాగి చేర్చిన ఆకుపచ్చయు, తగరపుభస్మము చేర్చిన పాలవంటి తెలుపును వచ్చును. ఆ గాజును నీటితో మెత్తగ నూరి, లోహముపై ఉలితో తవ్విన గుంటలలో నింపి, ఆరనిచ్చి కొలిమిలో పెట్టుదురు. సుమారు 800 డిగ్రీల వేడిమికి అది కరగి లోహమునంటుకొనును. వెండి 961 డిగ్రీలకు కరగును. అనగా పువ్వు పండుటకును నగ పాడగుటకును నడుమనున్న యెడము మిక్కిలి స్వల్పము. ఇదియును ఒక్కసారితో తీరదు. అధికమైన వేడిమి కోరు రంగు ముందును, తక్కువది తరువాతను వేసి, ఒక్కొక్క రంగునకు మరల కొలిమి కెక్కింపవలెను. కడపటి రంగునాడు జరిగిన పొరపాటు మొదటినాటి పనినంతయు చెరుపును.

జయపురపు మీనాపని జగత్ప్రసిద్ధము. అక్బరు కొలువున సేనానియై యుండిన అంబరు ప్రభువు రాజా మానసింహుడు లాహోరునుండి పనివారిని పిలిపించి తన రాజధానియందు నిలిపెనని చెప్పుదురు. అక్కడ ఒక్క నగ పలువురి చేతులమీదుగ సాగును. చిత్రము గీయువాడొకడు, నగకు రూపు దిద్దువాడొకడు, చెక్కువాడు వేరొకడు, గాజు నింపువాడు మీనాకారుడు, రాళ్లు పొదుగువాడు జడియా. ఇంతమంది శ్రమచేసిన నగకు ముందువైపున రాళ్లుండగా, మీనాపని తరచుగ వెనుకవైపున నుండును! మేలిమిబంగారము మెత్తనిది గనుక ఒంటిరాపిడికి అరిగిపోకుండుటకు గాజుపొర కవచమగునని దీనికి కారణము చెప్పుదురు. కారణమేదైనను, చూచువారికి రాళ్లును, ధరించిన యామెకు మాత్రమే తెలిసిన పూలతోటయు దక్కుచున్నవి. నాకు ఈ యేర్పాటు మిక్కిలి నచ్చినది.

బంగారమునకున్న సౌకర్యము వెండికి లేదు. కెంపువంటి ఎరుపు బంగారముపై వెలుగును. వెండిపైనో, కరగు గాజులోనికి వెండి కొంచెము చేరి పసుపుచాయ పుట్టించుటచే ఎరుపు మాసి గోధుమవన్నెకు దిగును. నీలమును ఆకుపచ్చయు మాత్రము వెండిపై చక్కగ ప్రకాశించును. ముల్తాను, కాంగ్రా ప్రాంతముల వెండినగలలో ఆ రెండే హెచ్చుగ కనబడును. వెండిలో రాగి పాలు హెచ్చినను చిక్కే. కొలిమివేడికి ఆ రాగి నల్లబడి గాజుక్రింద మచ్చవలె తేలును.

కాశీవారు ఈ చిక్కును వేరొక మార్గమున దాటిరి. ముందుగ వెండిపై తెల్లని గాజుపొర పరచి కాల్చి, దానిపై గులాబివన్నెను నూనెతో మెదిపి సన్నని కుంచెతో చిత్రించి మరల కాల్చుదురు. గులాబిరంగునకు వెండి తగులనే తగులదు. తెల్లని నేలపై కుంచెతో వ్రాయు ఈ పద్ధతి జయపురపు చెక్కడముకంటె పారసీకుల పనికి దగ్గరగ నున్నది. ఇస్ఫహానులో నేటికిని రాగిపళ్లెరములపై తెల్లపొర వేసి, నీలపుపూలను కుంచెతోనే తీర్చుదురు. కాశీ గులాబీ మీనాకారీకి 2015లో భౌగోళికసూచిక లభించినది. 2021లో భారతప్రధాని నాటి అమెరికా ఉపాధ్యక్షురాలైన కమలా హారిస్‌గారికి ఇచ్చిన చదరంగపు బల్లయు ఈ పనిదే. అంతకుముందు ఆ వీధులలో ఈ విద్య యెరిగిన కుటుంబములు కొద్దియై, పిల్లలు వేరు పనులకు పోవుచుండిరి. ఇటీవల స్త్రీలును నేర్చుచున్నారని విని సంతోషించితిని.

అంగడిలో ఇప్పుడు మీనాయని పేరుపెట్టి అమ్మునవన్నియు మీనా కావు. కొన్నింట కొలిమి చూడని జిగురురంగు నింపి ఆరబెట్టుదురు. అది చౌక, అందముగనే యుండును, చౌకవెలకు కొన్నచో దోషము లేదు. మీనావెల యిచ్చి దానిని కొనుటయే నష్టము. నిజమైన గాజు చల్లగ, గట్టిగ నుండును. జిగురుపై సూదిమొన గీత పడును. చెక్కడముపై నింపిన పలుచని రంగైనచో, నగను వెలుతురులో నటునిటు త్రిప్పగా లోపలి ఉలిగీతలు తళుక్కుమనును. అమ్మువానిని “ఇది కొలిమిలో కాల్చినదా?” యని యడుగుట కంతకంటె సులభము.

మనము వెండిని చింతపండుతోను విభూతితోను తోముదుము. మీనాకు ఆ రెండును పనికిరావు. పులుపు మెరుగును తినును, విభూతి గీతలు పెట్టును. గోరువెచ్చని నీటను ముంచి మెత్తని గుడ్డతో నొత్తినచో చాలును. సలసల కాగిన నీటిలో వేయరాదు, రాతినేలపై పడనీయరాదు. కీలు గాని కొక్కెము గాని ఊడినచో, అతుకు వేయువానికి గాజున్నదని ముందే చెప్పవలెను. మీనాపని తెలిసినవాడు దొరకువరకు దారముతో కట్టియుంచుటయే మేలు.

నా భరిణె సంగతి. కాశీకి పోవువారిచేత అక్కడి పనివానికి చూపించితిని. ఆ మూడుపువ్వులను మాత్రము వేయుట కుదరదట. మూతమీది పాత గాజునంతయు తీసి మొదటినుండి కాల్చవలెనట. మా యత్తగారు కొన్న పువ్వులు పోయి క్రొత్తవి వచ్చుట నాకిష్టము లేకపోయెను. మూడుచోట్ల వెండి బయలుపడియే యున్నది. పేరంటమునకు వచ్చినవారు అదేమని యడుగుచున్నారు, నేను చెప్పుచున్నాను.