అవ్వ సాక్ష్యం ఎక్కడ?

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. వారి సాక్ష్యాలను మన యౌవనస్థులు సెల్‌ఫోనులో తీసి యూట్యూబులో పెడుతున్నారు, సంతోషమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూసినప్పుడు చాలా సంఘాలకు అలవాటైన పని ఇది. కాని వీడియోలన్నిటికీ ‘ఆదివారపు ఆరాధన, లైవ్’ అనే పేరే పెడితే, నాగాయలంక అవ్వ చెప్పిన మాటలు రేపు ఆమె మనుమరాలికి దొరికేదెలా?

బాప్తిస్మాల రిజిస్టరు ఎంత శ్రద్ధగా రాస్తాము! వీడియోకూ అలాగే తేదీ, ఊరు, మాట్లాడినవారు, విషయం పేరులోనే రాయండి. సంవత్సరం ముందు వేసి 2024-11-19 అని రాస్తే కంప్యూటరులో అన్నీ వరుసగా నిలుస్తాయి. ఉప్పెన సాక్ష్యాలకు ఒక ప్లేలిస్టు, పాటలకు మరొకటి.

రోగి ఇంట చేసిన ప్రార్థనను ఊరందరికీ చూపనక్కరలేదు, ‘ప్రైవేటు’లో ఉంచండి. ‘అన్‌లిస్టెడ్’ అంటే దాచినట్టు కాదు సుమా! లింకు అందినవారెవరైనా చూడగలరు.

తొలగించిన వీడియో తిరిగి రాదు గనుక అసలు ప్రతిని హార్డ్‌డిస్కులో భద్రపరచండి. చానలు చూసుకొనేవారిగా మరొకరినీ చేర్చండి. పెట్టిన కుర్రవాడు ఉద్యోగానికి విజయవాడ వెళ్లిపోతే తాళంచెవి కూడా వెళ్లిపోకూడదు కదా.